చిన్న దొరసాని పేరుతో చెప్పిన ఎక్కం

ఎల్లమ్మా, నా చేతిరాత వంకర, తప్పులు కూడా ఉంటాయి. నాలుగో తరగతి దాటని చేయి, ఏమీ అనుకోకు.

ఇవాళ పక్కింటి పిల్ల పలకకు బొగ్గూ ఆకుపసరూ రుద్దుతుంటే ఆ వాసనకు మన బడి గుర్తొచ్చింది. నీకూ గుర్తుందా? దొర బిడ్డ చాప మీద, కాపుల పిల్లలు ఆమె వెనుక, గొల్లల పిల్లలం మనమిద్దరం గడప దగ్గర మట్టిలో. పంతులు ఆమెను ఏనాడూ ఒక్క ప్రశ్న అడగలేదు.

తనిఖీ అధికారి వచ్చిన రోజు ఆమెను గడీలో ఇంటిపట్టునే ఉంచి, నన్ను ఆ చాప మీద కూర్చోబెట్టారు. "పేరడిగితే చిన్న దొరసాని పేరు చెప్పు. లేకుంటే మీ బాపు వీపు పలుగుతది" అన్నాడు పంతులు. పదహారో ఎక్కం తడబడకుండా చెప్పాను. ఆ పరీక్షలో ఆమె మొదటిదైంది. నేను బడికి రాలేదని రాసి నన్ను తప్పించారు.

"తప్పినవు గదా, ఇగ గొర్లెంట నడువ్" అన్నాడు బాపు.

పోలీసు చర్య తర్వాత దొర గడీ విడిచిపోయాడు కదా. ఆ బిడ్డ ఇప్పుడు నకిరేకల్‌లో మా వీధిలోనే కాపురముంటోంది. నిన్న కార్డు పట్టుకొని వచ్చింది.

"జర మా నాయినకు రెండు ముక్కలు రాసిపెట్టు పిల్లా, నాకు రాయరాదు."

ఎన్నడూ లేవని గొంతు లేచింది నాకు. "బడిల ఫస్టు నువ్వే గద దొరసానీ, నువ్వే రాసుకో" అన్నాను. కార్డు అట్లాగే పట్టుకొని పోయింది. నాకు జాలి కలగలేదు, కడుపు చల్లబడింది.

ఇది చదివి పొయ్యిలో వేయి. మా ఆయన జాలిగుండె మనిషి. ఆయన చెవిన పడితే పోయి ఆమెకు రాసిపెడతాడు.