అలవాట్లేమీ లేవు సార్

మొన్న జనగామలో మందుల దుకాణానికి నిద్రమాత్రల కోసం వెళ్తే, అక్కడి ఆయన చీటీ చూసి, మాత్రల పట్టీ కవర్లో వేసి, ఫోన్ చూసుకుంటూనే నా చేతికిచ్చాడు. జలుబు చేసి రెండు రోజులుగా తుమ్ముల మాత్ర కూడా వేసుకుంటున్నాను గనక, ఇంకేమైనా వాడుతున్నారా అని అడుగుతాడేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను. అడగలేదు.

ముప్పై ఏళ్ళు సర్కారు దవాఖానల్లో మందులిచ్చిన వాణ్ణి. ఆ ప్రశ్న మీద నాకున్న పట్టింపు నర్సింహులపేటలో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల నాటిది. మామయ్య పోయాక మా మేనత్తకు కంటికి కునుకు లేకుండా పోతే నేనే మా డాక్టరుగారికి చూపించాను. నిద్రమాత్ర రాస్తూ ఆయన తాగుడు అలవాటేమైనా ఉందా అని అడిగారు. ఆమె నోరు తెరవకముందే, అలవాట్లేమీ లేవు సార్ అని నేనే చెప్పేశాను. రోజూ పొద్దుగూకే వేళ అత్త ఒక సీసా కల్లు తాగుతుందని నాకు తెలియక కాదు, ఎన్నోసార్లు తెచ్చిచ్చింది నేనే. మన వయసు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, మా దిక్కు కల్లును తాగుడు కింద ఎవరు లెక్కపెట్టారు గనక! ఒంటికి చలువ అని పిల్లలకూ ఇంత పోసేవాళ్ళు. పైగా దగ్గుతున్నదని, మత్తు కలిగించే దగ్గు మందు కూడా ఆ సాయంత్రం నా చేత్తోనే ఇచ్చి వచ్చాను.

మర్నాడు పొద్దెక్కినా అత్త లేవలేదు. ఎంత పిలిచినా పలకలేదు, ఊపిరి మాత్రం ఎప్పుడో ఒకటి తీస్తున్నది. జీపులో మహబూబాబాద్ పెద్ద దవాఖాన చేరేదాకా ఆ ఊపిరులు లెక్కపెడుతూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఎందుకంటే నిద్రమాత్ర, కల్లు, దగ్గు మందు మూడింటిదీ ఒకటే మత్తు పని అనీ, కలిస్తే ఊపిరికే ఎసరు పెడతాయనీ పుస్తకంలో చదివి పరీక్ష రాసి పాసైన వాణ్ణి నేను.

రెండో రోజుకు తెలివొచ్చిన అత్త సంగతంతా విని, “కల్లు తాగుడెట్లయితదిరా? గా గోలీలే మంచియి కావు” అన్నది. గోలీలు మానేసింది గానీ కల్లు మానలేదు.

ఆ తర్వాత రేగొండలో చేసినా, డోర్నకల్‌లో చేసినా, నిద్రమాత్ర ఇచ్చేటప్పుడు తాగుడు మాటే ఎత్తేవాణ్ణి కాదు. “అవ్వా, మాపటికి కల్లు ఎంత తాగుతవ్? దగ్గు మందు, తుమ్ముల గోలి, నొప్పుల గోలి ఇంకేమేం ఏసుకుంటున్నవ్?” అని అడిగేవాణ్ణి. వరసలో వెనకవాళ్ళు విసుక్కునేవాళ్ళు, అవ్వలు మాత్రం నవ్వుకుంటూ ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ళు.

ఇప్పుడా హెచ్చరికలన్నీ పట్టీ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చేస్తున్నారు. తుమ్ముల మాత్రదీ మత్తు పనే అని నాకు తెలుసు గనక ఇంటికొచ్చి దాన్ని మానేశాను. అత్త ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికి, ముసలితనంతోనే పోయింది. అడిగే మనిషి ఉన్న రోజున నేను ఆమె బదులు తప్పు జవాబు చెప్పాను. మొన్న సరైన జవాబు పట్టుకుని నిలబడితే, అడిగే మనిషి లేడు.