తుండు బాతుకు శనివారం తూర్పు శూలం

మా చిన్నతనంలో... పోదనూరు రైల్వే కాలనీ పక్క వీధిలో, మా ఇంటి హాల్లో, ఉత్తరం గోడకు ఆనించిన టీవీలో ఒక బాతు పొద్దస్తమానం కుడికి, అంటే తూర్పుకే పరిగెత్తేది.

పొట్టి బాతు. మెడలో ఎర్ర తుండు. ఉడుమలైపేట మామ కొడుకు గోపి వేసవి సెలవులకు వస్తూ టీవీ గేమ్ పెట్టె తెచ్చాడు. క్యాసెట్టు తీసి ఉఫ్ అని ఊది మళ్లీ పెడితే టింగుటింగుమని పాట... ఆ వెంటనే బాతు ప్రత్యక్షం. గుంటలు దూకుతూ, కోటలు దాటుకుంటూ పోవాలి. ఆఖరి కోట తలుపు వెనక ఏముందో మా వీధిలో ఎవరూ చూడలేదు. సెలవులు అయ్యేలోగా అది చూసి తీరాలని గోపీ నేనూ ఒట్టు పెట్టుకున్నాం.

మా అవ్వ మొదట్లో తిట్టింది. తరువాత చిక్కుడుకాయలు ఒలుస్తూ ఓరకంట చూసింది. ఆ తరువాత చాట పక్కన పెట్టేసి వచ్చి మా ఇద్దరి మధ్యే కూర్చుంది.

బాతు మొదటిసారి చెరువులో పడి చచ్చిపోయినప్పుడు అవ్వ మొహం చూడాలి...

“బాతు నీళ్లల్లో పడి చచ్చేదేందిరా? ఈత రాని బాతును ఎవురు పెంచినారు?”

“గేమ్ అట్లే అవ్వా,” అన్నాడు గోపి.

“పావం రా... పొద్దున్నించి పరిగెత్తతా ఉండాది. ఏమన్నా తినిందా?”

ఆ బాతులో ఏం మాయ ఉందో గానీ... ఎన్నిసార్లు పడినా అదే ముఖంతో, తుండు సర్దుకుని లేచేది. ఏడుపు లేదు, అలక లేదు. అవ్వకు అదే నచ్చింది. “మీ తాతకు కాఫీ ఆలస్యమైతే సాయంత్రం దాకా మాట్లాడడు. దీన్ని చూడండి!” అనేది. సెలవులు సగమయ్యేసరికి ‘అది’ కాస్తా ‘వాడు’ అయిపోయాడు.

ఆఖరి రోజు రానే వచ్చింది. శనివారం. సాయంత్రం మామ వచ్చి గోపినీ పెట్టెనూ తీసుకుపోతాడు. ఆ కాలపు పెట్టెకు జ్ఞాపకశక్తి ఏముంది... ఆపితే మళ్లీ మొదటి నుంచే. అందుకని పొద్దున పెట్టిన ఆట ఆపలేదు. పెట్టె పెనంలా కాలిపోతుంటే తాత పక్కన కూర్చుని విసనకర్రతో విసిరాడు. మధ్యాహ్నం దాటాక ఆఖరి కోట వచ్చింది. తలుపు ముందు పెద్ద గుంట. పడ్డాం, మళ్లీ పడ్డాం... చివరికి ఒక్క ప్రాణం మిగిలింది.

గోపి ఆట కాసేపు నిలిపాడు. బాతు ఒంటికాలి మీద ఆగిపోయింది. అవ్వ లేచి తిన్నగా క్యాలెండరు దగ్గరికి పోయింది.

మా వాళ్లలో శూలం చూడకుండా ఎవరూ గడప దాటరు. ఏ రోజు ఏ దిక్కుకు ప్రయాణం కూడదో, తప్పక పోవలసి వస్తే ఏం తిని పోవాలో, రోజూ తేదీ చింపే క్యాలెండరులో వేసే ఉంటుంది.

“శనివారం రా! తూర్పు శూలం! పొద్దున్నించి తూర్పుకే పరిగెత్తిస్తా ఉండారే, చావక ఏం చేస్తాడు వాడు?”

టీవీని దక్షిణం గోడకు మార్చాలంది. అప్పుడు బాతు పడమరకు పోతుందట. వైరు పీకితే ఆటే పోతుందని గోపి కళ్లలో నీళ్లు పెట్టుకున్నాడు. రైల్వేలో పనిచేసి రిటైరైన మా తాతకు చిరాకు వచ్చింది.

“శూలం చూసుకుంటా ఉంటే పోదనూర్లో ఒక్క బండీ కదిలుండదు!”

“మీ బండికి పట్టాలుండాయి. వీడికి ఏముండాది?”

 తాతే లేచి క్యాలెండరులో పరిహారం చదివాడు... “పెరుగు.”

అవ్వ గిన్నె తెచ్చింది. గోపి నోట్లో ఒక చెంచా, నా నోట్లో ఒక చెంచా. హమ్మయ్య, అయిపోయిందనుకున్నాం. “ప్రయాణం పోయేది మీరా, వాడా?” అంటూ వేలితో ఇంత గడ్డపెరుగు తీసి టీవీలో బాతు ముక్కుకు పూసేసింది!

బాతు లేదు, గుంట లేదు... అంతా పెరుగే. “అయ్యో అవ్వా!” అని అదిరిపడ్డ గోపి వేలు బొత్తాం మీద పడి ఆట మొదలైపోయింది. ఇక చేసేదేముంది, వాడు కళ్లు గట్టిగా మూసుకుని దూకించాడు.

పెరుగు అవతలి నుంచి... ఎర్ర తుండు బయటికొచ్చింది!

నేను కేకలు. తాత విసనకర్ర ఎగరేశాడు. అవ్వ మాత్రం వేలు కొంగుకు తుడుచుకుంటూ, “నేను చెప్పలే?” అంది.

తలుపు తెరుచుకుంది.  జెండాలు, పాట... ఆ తరువాత మళ్లీ మొదటి రోజు చూసిన గడ్డిమైదానమే. బాతు ఏమీ ఎరగనట్టు అక్కడే నిలబడి ఉంది.

అవ్వ ఇంకా చూస్తూనే ఉంది. “ఇల్లు యాడ?”

“ఇల్లు లేదవ్వా. మళ్లీ మొదట్నించే.”

“ఇంత దూరం పోయినోడు ఇల్లు చేరొద్దా? వాళ్లమ్మ వాకిట్లో చూస్తా ఉండదా?” గెలిచిన సంతోషమంతా పోయి అవ్వ టీవీ మీది పెరుగును కొంగుతో మెల్లగా తుడిచింది.

బయట మామ హారను. “కెళంబు డా, నేరమాచ్చు!” అంటూ, టైమైంది బయల్దేరమని తమిళంలో తొందర. గోపి స్విచ్చి ఆపేశాడు. చీకటైన టీవీకి అవ్వ, మమ్మల్ని ఊరికి పంపేటప్పుడు చెప్పినట్టే, “పోయిరా కన్నా” అని చెప్పింది.

ఇప్పుడు ఆ బాతు మా అమ్మాయి ఫోన్లో ఉంది. కాస్త ఒళ్లు చేసింది, మెరుస్తోంది. తుండు మాత్రం అదే. ప్రాణాలకు కొదవే లేదు, ఒక ప్రకటన చూస్తే ఒక ప్రాణం. ఎవరూ విసరక్కరలేదు, ఎవరూ ఎదురుచూడక్కరలేదు.

మొన్న శనివారం మా అమ్మాయి ఉత్తరంవైపు తిరిగి ఆడుతోంది. ఏమీ చెప్పకుండా దాన్ని దక్షిణానికి తిప్పి కూర్చోబెట్టి, నోట్లో ఒక ముద్ద పెరుగన్నం పెట్టాను. “ఏమ్మా, ఏమైంది నీకు?” అంటూనే ఆఖరి కోట దాటేసింది. తలుపు తెరుచుకుంది... ఈసారి లోపల చిన్న పెంకుటిల్లు. వాకిట్లో ఇంకో ముసలి బాతు. మావాడు తుండుతో మొహం తుడుచుకుని లోపలికి పోయాడు.

“అవ్వా... వాడు ఇల్లు చేరినాడు!” గట్టిగా అరిచేశాను.

“ఎవురితో మాట్లాడతా ఉండావమ్మా?” అంది మా అమ్మాయి.

గోడవైపు చూశాను. ఈ ఇంటి గోడకు క్యాలెండరు లేదు... చాట పక్కన పెట్టి వచ్చి కూర్చునే అవ్వా లేదు.

టీవీలో పరిగెత్తేవాడికి ఆకలేస్తుందేమోనని దిగులుపడిన పెద్దవాళ్లు మీ ఇళ్లలోనూ ఉండే ఉంటారు. వాళ్ల మాట ఒక్కటైనా ఇక్కడ రాయండి... చదువుకుంటాను.