కొలువు కింద కాయిలు

మునిరత్నమ్మకు దయ్యాలంటే భయం లేదు, మొగుడంటే అసలే లేదు. ఆమె భయమంతా కాలిన వార్నిష్ వాసనంటేనే. కుప్పంలో భర్త శంకరప్ప బోరు మోటార్లు బాగుచేస్తే, వార్నిష్ పూసిన రాగితీగతో వాటికి కాయిళ్లు చుట్టేది ఆమె. డెబ్బై నాలుగులో ఒక కాయిలు వేడెక్కి అంటుకుని షెడ్డంతా తగలబడింది. పెద్దకూతురి వీపున ఆ మచ్చ ఇంకా ఉంది. బిడ్డకు నీళ్లు పోసిన ప్రతిసారీ తల్లి చెయ్యి ఆ మచ్చ దగ్గరే ఆగిపోయేది.

ఎనభై రెండు దసరాకు పుంగనూరు బట్టల వ్యాపారి ఆదినారాయణ ఒక చిన్న కాయిలు తెచ్చాడు. వాళ్లింట్లో బొమ్మల కొలువు చుట్టూ కరెంటు రైలుబొమ్మ తిరుగుతుంది. పట్టాలు రెండుగా చీలేచోట బండిని ఇటో అటో మళ్లించే కాయిలు అది. మాడిపోయింది. మునిరత్నమ్మ సన్నతీగతో కొత్తది చుట్టింది. ఎందుకు మాడిందో మాత్రం అంతు చిక్కలేదు. ఆయన వచ్చి తీసుకుపోయినప్పుడు ఆమె ఇంట్లో లేదు.

మర్నాడు అన్నం తింటూ శంకరప్ప నవ్వుతూ చెప్పాడు. బండిని మళ్లించే పాత బటను పోతే షావుకారు దీపాలకు వేసే స్విచ్చే బిగించాడట, గట్టిగా ఉంటుందని. ఆమె ముద్ద కంచంలోనే వదిలేసి లేచింది. ఆ కాయిలుకు కరెంటు రెప్పపాటు తగిలితే చాలు, పట్టా జరుగుతుంది. దీపం స్విచ్చి వేస్తే వేసినట్టే ఉంటుంది, కాయిలు కాలుతూనే ఉంటుంది. పైన దూది కొండలు, పట్టుచీరలు. చుట్టూ పిల్లలు.

రేపు చూద్దామన్నాడు శంకరప్ప. ఆ మహానుభావుడికి ప్రతిదీ రేపే.

"నా చేత్తో సుట్టిండే కాయిలప్పా అది. నేను పోతాండాను," అని బయల్దేరింది.

పలమనేరులో బస్సు మారాలి. అక్కడ కండక్టరు తీరిగ్గా టీ తాగుతుంటే ఆమెకు ఏడుపొచ్చింది. ఏ బిడ్డకూ ఏమీ కాకూడదని దారిపొడుగునా బోయకొండ గంగమ్మకు మొక్కుకుంటూనే ఉంది.

ఆదినారాయణ ఇంట్లో పేరంటం సాగుతోంది. గుగ్గిళ్ల వాసన, అగరొత్తుల వాసన, వాటి అడుగున ఆ వార్నిష్ వాసన. ఇంకెవరికీ తెలియడం లేదు. ఆమె గడప దగ్గరే ఆగింది. వెనక్కి తిరిగి పారిపోవాలనిపించింది. అంతలో ఒక పిల్ల రైలు కోసం దూదిలోకి వంగింది. మునిరత్నమ్మ ఉరికి ప్లగ్గు పెరికేసింది.

రైలు ఆగిపోయింది. ఆదినారాయణ భార్య వసంతమ్మ ముఖం ఎర్రబడింది.

"పండగపూట యాల పెరికితివమ్మా? ఎవురు నువ్వు?"

మునిరత్నమ్మ వంగి, దూది ఎత్తి చూపింది. కింద చెక్క నల్లగా మాడి ఉంది. దూది అంచు అప్పటికే కమిలింది. వసంతమ్మ ఆ పిల్లను ఒడిలోకి లాక్కుని చాలాసేపు వదల్లేదు.

ఆదినారాయణ బజారుకు పోయి కాలింగ్‌బెల్ బటను తెచ్చాడు. వేలు తీస్తే కరెంటు పోతుంది. ఎప్పుడూ ఒకటి ఎక్కువ చుట్టే అలవాటున్న మునిరత్నమ్మ కొంగున కట్టుకొచ్చిన కాయిలు బిగించింది.

"నువ్వే నొక్కు తల్లీ," అంది వసంతమ్మ.

మునిరత్నమ్మ నొక్కి, నిప్పు తగిలినట్టు వేలు తీసేసింది. రైలు పక్క పట్టా ఎక్కింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం అరచేయి చెక్కమీద ఆనించి, వేడెక్కుతోందేమోనని చూస్తూ కూర్చుంది. వసంతమ్మ బొట్టు పెట్టి తాంబూలం ఇవ్వబోతే ఎడమచేత్తో కొంగు పట్టింది. హారతి అయ్యేదాకా ఆ కుడిచెయ్యి తీయలేదు.