పూర్తిగా తెరవడమైనది

నగరాన్ని మేయరుగారు పాలిస్తారని అందరూ అనుకుంటారు. అది ఒక మర్యాద. నగరం తూర్పు భాగాన్ని ఇరవై రెండేళ్ళపాటు నిజంగా పాలించింది నాలుగడుగుల ఇనుప కడ్డీ. ఆ కడ్డీని రోడ్డు పక్క గుంటల్లోకి దించి వాల్వులు తిప్పే నీళ్ళ విభాగం ఉద్యోగిని ఆఫీసులో భగీరథుడు అని పిలిచేవారు. పురాణంలో ఆయన గంగను ఒక్కసారి దింపి చేతులు దులుపుకున్నాడు. ఈయన రోజూ దింపాలి, అదీ వంతుల ప్రకారం.

ఆయన ఉద్యోగంలో చేరినప్పుడు చేతికింద నాలుగు వీధులుండేవి. తర్వాత నగరానికి ఒళ్ళొచ్చింది. నాలుగు వీధులూ ముప్ఫై ఒకటయ్యాయి. ట్యాంకు మాత్రం పాతదే. ఎవరికెంత నీరివ్వాలో చెప్పే చట్టం ఎక్కడా కనబడకపోవడంతో ఆయనే ఒకటి ఏర్పాటు చేసుకున్నాడు: గట్టిగా అరిచినవాళ్ళకి మరో పావుగంట. డాక్టర్ల కాలనీలో ఫోన్లుండేవి, ఆ ఫోన్లకి అవతల ఇంజనీరుగారుండేవారు. గుట్ట మీది నూట నలభై ఇళ్ళలోనూ గొంతులకేం తక్కువ లేదు గాని, కిందికి దిగేసరికి అవి అలిసిపోయేవి.

ఆ గొంతులన్నిటినీ మూటగట్టి కిందికి తెచ్చే బాధ్యత బట్టలు కుట్టే ఒకావిడది. నెలకో అర్జీ ఇచ్చేది కాబట్టి అర్జీల అక్క అనే పేరు స్థిరపడింది. పైకి నీళ్ళెక్కడం లేదని, ఇంకాస్త తిప్పమని ఆవిడ అడిగేది. భగీరథుడు చెడ్డవాడు కాడు. ఆవిడ ఎదుటే మరో రెండు చుట్లు బిగువుగా తిప్పి, కడ్డీకి చెవి ఆనించేవాడు.

"బుస్సుమంటోంది, కావాలంటే నువ్వూ విను. ఇంతకన్నా నేనేం తిప్పేది? మీవాళ్ళే పారబోసుకుంటున్నారక్కా."

ఆపైన నీటి పొదుపు గురించి చిన్న ఉపన్యాసం కూడా ఉండేది, ఉచితంగా. తర్వాత రోజువారీ పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో రాసేవాడు: ‘గుట్ట వాల్వు పూర్తిగా తెరవడమైనది. నీరు ఎక్కలేదు.’ అలా ఆరేళ్ళు రాశాడు.

ఆఫీసులో ఎవరూ చదవరనుకున్న ఆ పుస్తకాన్ని ఇంజనీరుగారు చదివారు. చదివి, గుట్ట మీదికి నీరు ఎక్కదని ఆరేళ్ళ రికార్డు రుజువు చేస్తోంది గనుక అక్కడ మనుషులు నివసించడం శాస్త్రసమ్మతం కాదనీ, వాళ్ళని నగరానికి ఇరవై కిలోమీటర్ల అవతలికి తరలించాలనీ నివేదిక పంపారు. గుట్టవాళ్ళు పనిచేసేది కింద వీధుల్లో, ఇళ్ళల్లో, కట్టుబడి పనుల్లో. వాళ్ళ అభ్యంతరాలు వినడానికి కమిషనరుగారు ఒక తేదీ కూడా ప్రకటించారు.

ఈలోగా భగీరథుడికి పచ్చకామెర్లు వచ్చాయి. మూడు వారాలు మంచం దిగలేదు. పడమటి వైపు వాల్వులు చూసే అతను ఆయన బదులు తిరిగాడు. లేచి పనిలోకి వచ్చిన మొదటిరోజే అర్జీల అక్క ఎదురైంది. చేతిలో అర్జీ లేదు.

"తమ్ముడూ, నువ్వు మంచానపడ్డప్పటినుంచీ మాకు నీళ్ళే నీళ్ళు. నువ్వు లేచినందుకు సంతోషమేలే."

ఏం మాయ చేశావని పడమటి అతన్ని అడిగితే, ఆ గుట్ట దగ్గరికి అసలు పోనేలేదని, జాబితాలో ఆ వాల్వు కనబడలేదని, పైవాళ్ళకి చెప్పొద్దని బతిమాలాడు.

భగీరథుడు కడ్డీ భుజాన వేసుకొని గుట్ట కిందికి వెళ్ళి, వాల్వుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నగరంలోని వాల్వులన్నీ కుడికి తిప్పితే మూసుకుంటాయి, ఎడమకి తిప్పితే తెరుచుకుంటాయి. ఆరేళ్ళ కిందట గుట్టకి పైపు వేసిన కాంట్రాక్టరు వేరే. అతను తెచ్చిన వాల్వు మర తిరగబడినది, ఎడమకి తిప్పితే మూసుకుంటుంది. అంటే ఆరేళ్ళుగా ఈయన నీరు వదిలే వేళకి వచ్చి శ్రద్ధగా మూసి, నీరు ఆగిపోయాక ఉదారంగా తెరిచి వెళ్ళాడు. అక్క అడిగినప్పుడల్లా ఇంకాస్త బిగించాడు. బుస్సుమన్నది ధార కాదు, అరిగిన సందులోంచి నలిగి దూరుతున్న కాసిన్ని నీళ్ళు. జబ్బు చేసే ముందురోజు ‘మూసి’ వెళ్ళింది మూడు వారాలు అలాగే తెరిచి ఉండిపోయింది. తూర్పు భాగపు ప్రభువు గుంట పక్కన మట్టిలో కూలబడ్డాడు.

ఇంజనీరుగారితో చెబితే ఆయన తలుపు వేసి వచ్చారు.

"పైపులో చెత్త అడ్డుపడింది, ఇప్పుడు పోయింది అని రాయి. నీకూ గౌరవం, నాకూ గౌరవం."

"మరి గుట్ట, సార్?"

"చెత్త మళ్ళీ అడ్డుపడదని ఎవరు హామీ ఇస్తారయ్యా? నివేదిక నివేదికే."

ఇంట్లో భార్య విని, ఇంకా మూడేళ్ళ సర్వీసుందని గుర్తుచేసింది. అంట్లన్నీ తోమడం అయ్యాక, కుళాయి కట్టేసి, "ఆరేళ్ళా?" అని అడిగింది.

విచారణ రోజున భగీరథుడు తాను ఉన్నదున్నట్టు రాసుకెళ్ళిన కాగితం చదివాడు. కమిషనరుగారు అర్థం కాక మళ్ళీ చదివించారు. రికార్డు తప్పని తేలింది గనుక తరలింపు ఆగింది. భగీరథుణ్ణి మాత్రం శాఖాపరమైన చర్య తేలేదాకా పాత మీటర్ల గోదాముకి పంపారు.

బయట మెట్ల దగ్గర అక్క నిలబడి ఉంది. తిట్లకి ఆయన సిద్ధపడే వచ్చాడు. క్షమిస్తుందేమోనన్నదే ఆయన భయం. ఆవిడ రెండూ చేయలేదు.

"మా పెద్దపిల్ల తొమ్మిదిలో బడి మానేసింది, తెలుసుగా? ట్యాంకరు దగ్గర వరసలో నిలబడటానికి ఇంట్లో ఒక మనిషి కావాలని."

"తెలుసక్కా."

"పారబోసుకుంటున్నాం అన్నావు."

ఆయన చేతిలోని కాగితాన్ని మడిచాడు, మళ్ళీ విప్పాడు.

"ఆఫీసర్లతో చెప్పావు, బాగానే ఉంది. పిల్ల ఇంటి దగ్గరే ఉంది. వచ్చి దానితో చెప్పు."

వాల్వు గుట్ట మొదట్లో ఉండేది కాబట్టి ఈ ఆరేళ్ళలో పైకి ఎక్కే అవసరం ఆయనకి కలగలేదు. ఆవిడ వెనక నడుస్తూ, ఆ పిల్లకి ఇప్పుడు ఎన్నేళ్ళుంటాయో లెక్కవేసుకున్నాడు. పంతొమ్మిది. సగం దూరంలో ఆయాసం వచ్చి ఆగాడు. అక్క వెనక్కి తిరిగి, ఆయన మళ్ళీ కదిలేదాకా అక్కడే నిలబడింది.