సారు చదివిన ఓదార్పు

అమీర్‌పేటలో మాకు కంప్యూటర్ కోర్సు చెప్పిన సారు, ఎవరు ఏ ప్రశ్న వేసినా మార్కర్‌కు మూతపెట్టి, "జల్దేముంది? జర సోంచాయించు" అనేవారు. మేమే ఆలోచించి, జవాబు మాకే తట్టేదాకా వదిలేవారు కాదు.

మొన్న పంజగుట్ట హోటల్లో చాయ్ తాగుతూ, మా అమ్మ పోయిందని ఆయనకు చెప్పాను. సారు తలెత్తలేదు. ఫోన్లో ఏఐని ఏదో టైపు చేసి అడిగి, "మాతృమూర్తి మరణం తీరని లోటు" అని తెరమీద వచ్చింది చదివారు.

"మంచిగ లేదా? ఆగు, ఇంకోటి రాయమంట."

నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ లాక్కుని నావైపు బల్లమీద బోర్లా పెట్టాను.

"ఆమె చేతి సకినాలు తిన్నరు గద సార్! జర మీరే సోంచాయించి చెప్పుండ్రి."

సారు చాలాసేపు ఆలోచించారు. ఆయన బొటనవేలు మాత్రం తన ముందున్న ఖాళీ బల్లను ఫోన్ తెరలా పైకీ కిందికీ రుద్దుతూనే ఉంది.