కుదరదన్న కోణం

రేపల్లెలో స్టేషన్ నుంచి బజారుకు వచ్చే దారిలో టైలరు బాలస్వామి కొట్టు ఎక్కడంటే ఆడవాళ్లందరికీ తెలుసు. తిట్టుకోవడానికి ప్రతి మనిషికీ ఏదో ఒక కారణం కూడా ఉండేది. పని మంచిదే. చంక దగ్గర పట్టేయని జాకెట్టు కావాలంటే అతనే కుట్టాలి. చెప్పిన రోజుకు మాత్రం ఇచ్చిన పాపాన పోడు. బల్ల మీద గుడ్డ పరిచి, దాని మూలలో సుద్దతో గీతలు గీసుకుంటూ, వచ్చినవాళ్ల వంక చూడకుండా నిలబడి ఉంటాడు.

"బాలసామి తమ్ముడూ, నా జాకెట్లు అయినయ్యా, ఇంకా లెక్కలే కుడతన్నావా?" అనేది పేరంటాలు. సముద్రం ఒడ్డు నుంచి చేపల గంపతో బస్సు దిగే మనిషి. మాటకు కూడా ఉప్పు పట్టించి వదిలేది.

"రేపు రా అక్కా."

"నీ రేపు ఎప్పుడొస్తదో అది కూడా లెక్కేసి చెప్పు."

ఊళ్లు పట్టుకుని తిరిగినవాళ్లకు ఇలాంటి మనుషులు ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటారు. గడియారాలు బాగుచేసే ముసలాయన ఒకడు తనంతట తాను ఆగకుండా తిరిగే చక్రం కోసం ఇల్లంతా ఇనుముతో నింపేస్తాడు. రిటైరైన పోస్టుమాస్టరు టీ తాగేవాళ్లను ఆపి, ప్రధాన సంఖ్యల వరస దొరికిందని చెబుతాడు. పిచ్చి అని తేల్చేయడం తేలిక. పనిలేక అనడానికి వీల్లేదు, వాళ్లలో చాలామందికి చేతినిండా పని ఉంటుంది. పేరు కోసం అందామంటే, పేరు రావడానికి అంతకంటే దగ్గరి దారులు బోలెడున్నాయి. మరి ఎందుకు? మిగతావాళ్ల సంగతి ఏమో గాని, బాలస్వామిది ఎక్కడ మొదలైందో చెప్పవచ్చు. తెనాలిలో.

తండ్రి వేమూరు దగ్గర పొలాల్లో కూలి. కొడుకును తెనాలిలో హాస్టల్లో పెట్టి చదివించాడు. ఒకరోజు లెక్కల మాస్టారు స్కేలు, కాంపాస్‌లతో కోణాన్ని రెండు సమభాగాలు చేసి చూపించి, చేతికంటిన సుద్ద దులుపుకుంటున్నారు. బాలస్వామి లేచాడు.

"మూడు చేయాలంటే ఎట్లాగండి?"

"కుదరదు."

"ఎందుకండి?"

"కుదరదంటే కుదరదురా. కూర్చో."

అప్పటికి ఆ కుర్రాడు కుదరదన్న మాట చాలాసార్లు విని ఉన్నాడు. ఈ బావిలో చేద వేయడం కుదరదు, ఆ అరుగు మీద కూర్చోవడం కుదరదు, చెప్పులేసుకుని ఈ వీధిన పోవడం కుదరదు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పేవాళ్లు కాదు. చెప్పడానికి అందులో ఏమీ లేదు. మనుషులు పెట్టినవి, గట్టిగా నెడితే కదిలేవి. ఇదీ ఆ జాతిదే అనుకున్నాడు. పదో తరగతితో చదువు ఆగి కత్తెర పట్టుకున్నా, మాస్టారి మాట గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

ఎనభై నాలుగులో చర్చి పాటల బృందానికి గౌన్లు కుడుతున్నప్పుడు దారి దొరికింది. స్కేలుకు బదులు గుడ్డ మూలకు రెండు మడతలు వేసి, కాంపాస్‌కు బదులు దారంతో ఒక వంపు తిప్పి, అవి కలిసిన చోట సుద్ద చుక్క పెడితే, ఆ మూల సరిగ్గా మూడు సమాన ముక్కలవుతోంది. కోసి ఒకదాని మీద ఒకటి వేస్తే అంచులు కలిసిపోయాయి. ఏ కోణంతో చేసినా అంతే. అదే కాగితం మీద స్కేలు, కాంపాస్‌తో గీస్తే మాత్రం వెంట్రుకవాసి తేడా వచ్చేది. పెన్సిల్ ములుకు లావని సరిపెట్టుకున్నాడు.

కొట్టు మూసే మంగళవారం తెనాలిలో బండి మారి బాపట్ల వెళ్లాడు. అక్కడ ఒక కాలేజీలో లెక్కలు చెప్పే పాండురంగారావు వరండాలోనే నిలబెట్టి మాట్లాడాడు.

"అది కుదరదని నూటయాభై ఏళ్ల కిందటే రుజువు చేశారయ్యా."

"ఎట్లా చేశారండి?"

"చెప్పినా నీకు అర్థం కాదు."

"పోనీ నాది చూసి, తప్పెక్కడో చెప్పండి సార్."

"తప్పు ఎక్కడో ఉంటుంది. ఎక్కడుంటే ఏంటి?"

ఆయన చెడ్డవాడేమీ కాదు. ఇలాంటివాళ్లు ఏటా ఎవరో ఒకరు వచ్చేవారు. ఒకాయన కోణాల కోసం ఉద్యోగమే మానేసి వచ్చాడు. మొదట్లో పాండురంగారావు చూసి తప్పు చెప్పేవాడు; వాళ్లు వినక పోట్లాడేసరికి, చివరికి చూడటమే మానేశాడు. ఇదంతా బాలస్వామికి ఎలా తెలుస్తుంది? వెళుతూనే ఉన్నాడు. కొన్నాళ్లకు అతని గుడ్డసంచీ గేటు దగ్గర కనపడగానే సారు వెనక మెట్ల మీదుగా వెళ్లిపోవడం మొదలుపెట్టాడు. ఒప్పన్నా అనండి, తప్పన్నా చూపించండి. బాలస్వామి అడిగింది అంతే.

తొంభై మూడు క్రిస్మస్ ముందు గుడ్డలు కొట్టు నిండా పేరుకుపోయాయి. కాజాలు తీస్తున్న భార్య దేవకుమారి సూది పక్కన పెట్టేసింది.

"ఆ సారు చూడకపోతే పాయె. నా ముందర చెయ్యి, నేను చూస్తా."

"నీకేం తెలుస్తది?"

"తెలవకపోతే తెలవలేదంటా. చెయ్యి."

చేశాడు. ముక్కలు కలిశాయి. ఆమె మళ్లీ చెయ్యమంది. ఈసారి గుడ్డను కాదు, అతన్ని చూసింది.

"ఆ ఎడం చెయ్యి ఏం చేస్తందయ్యా?"

"ఏం చేస్తది, గుడ్డ సాపు చేస్తంది."

"మడత పడింది క్రాసు మీద, నేత పోగుకు ఏటవాలుగా. క్రాసు గుడ్డను అరచేత్తో రాస్తే సాగదా? మెడపట్టీ వేసేటప్పుడు నన్ను రోజూ తిట్టేది దానికేగా?"

బాలస్వామి ఎడమ చెయ్యి తొడ కింద పెట్టుకుని, ఒంటిచేత్తో తంటాలుపడి మళ్లీ చేశాడు. అంచుల మధ్య దారమంత సందు కనిపించింది. కాగితం మీద ఇన్నేళ్లూ కనిపించిన సందే.

"పోనీలేవయ్యా" అంది ఆమె, సూది అందుకుంటూ.

ఓడిపోయినందుకు అతనికి అంత బాధ లేదు. తన చేతి వంక ఒక్కసారి చూసిన మనిషి ఇన్నేళ్లకు గాని దొరకలేదే అని ఒళ్లు మండింది.

పండగ వెళ్లాక బాపట్లలో వెనక మెట్ల దగ్గరే కాపు కాసి పట్టుకున్నాడు.

"తప్పు దొరికిందండి సార్. నా చేతిలోనే ఉంది."

పాండురంగారావు హాయిగా నవ్వాడు. "చెప్పానా?"

"కుదరదని చెప్పారండి. ఎందుకో చెప్పలేదు. నేను విన్న కుదరదులన్నీ ఎవరో ఒకళ్లు పెట్టినవండి. ఇది ఎవరూ పెట్టింది కాదంటున్నారు. అట్లాంటిది ఎట్లా ఉంటదో ఒక్కసారి చూడాలండి."

సారు నవ్వడం మానేసి, ఖాళీ క్లాసులోకి తీసుకెళ్లి బోర్డు మీద రాయడం మొదలుపెట్టాడు. మొదటి వరస బాలస్వామికి అర్థమైంది. రెండోది సగం అర్థమైంది. మూడో వరసకు ఎక్స్ నెత్తిన మూడు వచ్చి కూర్చుంది.

"అది అక్కడికెట్లా వచ్చిందండి?"

పాండురంగారావు సుద్ద దించి, గడియారం చూసుకున్నాడు. "దీనికి ముందు నేర్చుకోవాల్సింది చాలా ఉంది బాలస్వామీ. నాకు క్లాసుంది."

"మంగళవారం రమ్మంటారా?"

"ఏళ్లు పడుతుందయ్యా" అన్నాడే గాని, రావద్దనలేదు. రమ్మనీ అనలేదు.

మర్నాడు కొట్టు తీసేసరికి పేరంటాలు గంపతో నిలబడి ఉంది.

"అయినయ్యా?"

"కుదర్లేదక్కా."

"పండగ ముందూ అదే మాట, ఇప్పుడూ అదే మాట. ఎందుకు కుదర్లేదో అది చెప్పు ముందు."

బాలస్వామి ఆమె మొహంలోకి చూశాడు. స్టూలు మీది గుడ్డలు తీసి, దుమ్ము దులిపి, ఆమె ముందుకు జరిపాడు.

"కూర్చో అక్కా, చెప్తా. మొదట్నించీ చెప్పాలి."

"నాకు బస్సుందిరా నాయనా" అంది పేరంటాలు, గంప దించకుండానే.