జూమమ్మ గీసిన ప్లేటు

ఆవిడకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు. చెప్పుల దుకాణం పైన రెండో అంతస్తులో, కంప్యూటర్ మీద డ్రాయింగులు గీయడం నేర్పే ఆ చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో ఎవరు చేరినా మొదటి గంటలోనే ఆవిడ చేత తిట్లు తినాల్సిందే. ఆ తిట్లు మనిషిని బట్టి ఉండేవి కావు, గీతను బట్టి ఉండేవి. కాలేజీ పిల్లలైనా, ఉద్యోగం పోయి వచ్చిన పెద్దమనిషైనా ఆవిడకు ఒకటే.

మొదటి రోజు అందరికీ ఒకటే పని. ఒక చతురస్రం గీయమనేది. ఇంతేనా అని అందరూ నవ్వుకుని, మౌస్‌తో నాలుగు గీతలు లాగి, చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లు. తెర మీద చూస్తే ముచ్చటగానే ఉండేది. అప్పుడు ఆవిడ వెనక నుంచి వచ్చి, మౌస్ లాక్కుని, పైనున్న చక్రాన్ని తిప్పేది. మూల పెద్దదయ్యేది. ఇంకా తిప్పేది. ఇంకా పెద్దదయ్యేది. కలిసిపోయాయనుకున్న రెండు గీతలూ విడిపోయి ఎడమొహం పెడమొహంగా నిలబడేవి.

"ఇదేనా మూల? ఇందులోంచి లారీ పోతుంది. నువ్వు గీసింది డబ్బా కాదు, నాలుగు పుల్లలు. మళ్లీ గియ్యి!"

అలా జూమ్ చేసి పరువు తీస్తుంది గనుక పిల్లలు ఆవిడకు జూమమ్మ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలియనట్టు ఉండేది గానీ లోపల్లోపల కాస్త గర్వమే.

ఆవిడ పదహారేళ్లకే ఒక డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసింగ్ పనికి కుదిరింది. పల్చటి కాగితం మీద ఇంకు పెన్నుతో గీత గీయాలి. తప్పుపోతే బ్లేడుతో గీకి తీయాలి. అదే చోట రెండోసారి గీకితే కాగితం చిరుగుతుంది, చిరిగితే మూడు రోజుల పని మొదటికొస్తుంది. అందుకే గీత అంటే ఒళ్లు దగ్గర పెట్టుకుని గీసేదని ఆవిడకు ఎముకల్లో ఇంకిపోయింది. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, నేర్చుకుంది. ఆఫీసు మూతపడింది. మరిది ఈ ఇన్‌స్టిట్యూట్ తెరిచి, "వదినా, పాఠాలు మీవి, మిగతా తలనొప్పులు నావి" అన్నాడు. అప్పటి నుంచి తొమ్మిదేళ్లుగా ఇక్కడే.

పాఠాలు తనవన్న మాటేగానీ, పాఠం ఎన్ని రోజులు చెప్పాలన్న దాని మీద ఇద్దరికీ రోజూ యుద్ధమే. గీత, వృత్తం, దీర్ఘచతురస్రం, చాపం, ఈ నాలుగింటికీ పది రోజులు కావాలంటుంది ఆవిడ. మౌస్‌తో ఉజ్జాయింపుగా లాగి ఆపకూడదు, పొడవు టైపు చేయాలి. ఒక గీత చివర ఇంకో గీత మొదలవ్వాలంటే కంటితో చూసి పెట్టకూడదు, గీత కొనకు దానంతటదే అతుక్కునే స్నాప్ ఆన్ చేసి ఆ చివరనే పట్టుకోవాలి. మరిదేమో కింద మెట్ల దగ్గర "ముప్పై రోజుల్లో ఇల్లు గీయండి" అని నిలువెత్తు బోర్డు పెట్టాడు. పది రోజులు డబ్బాలే గీయిస్తే ఇల్లు ఎప్పుడు గీస్తారని అతని గోల. గోడలు కలవని ఇల్లు ఎవడికి కావాలని ఆవిడ గోల.

ఈసారి బ్యాచిలో ఏడుగురు. వాళ్లలో ఒకడు వెల్డరు. నలభై ఆరేళ్లవాడు. ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. మౌస్‌ని వెల్డింగ్ పిడిలా గుప్పిట్లో బిగించి పట్టుకునేవాడు. ఎడమకన్ను మసకబారింది. ఇంకో ఏడాది ఆ వెలుగు ముందు కూర్చుంటే రెండోదీ పోతుందని కంటి డాక్టరు తేల్చి చెప్పాడు. ఫ్యాక్టరీ మేనేజరు దయతలచి ఒక దారి చూపించాడు. డ్రాయింగ్ గదిలో ఒక ఖాళీ ఉంది. శుక్రవారం పరీక్ష. ఒక ఇనప ప్లేటు గీయాలి, ఆ ఫైలు నేరుగా కటింగ్ మిషన్‌కి పోయేలా ఉండాలి. నెగ్గితే ఆ కుర్చీ, లేకపోతే ఇంటికి. ఇంట్లో నాలుగు నోళ్లు, సంపాదించేది ఇతనొక్కడే.

ఇంత కథ విన్నాక ఎవరైనా మెత్తబడతారు. ఆవిడ మెత్తబడలేదు. అందరికన్నా అతన్నే ఎక్కువ తిట్టింది.

"కన్ను బాగోలేదంటున్నారు, మళ్లీ కంటితోనే చూసి పెడుతున్నారేంటి? నంబరు కొట్టండి. నంబరుకి కళ్లక్కర్లేదు."

అతను తలొంచుకుని వినేవాడు, చెరిపి మళ్లీ గీసేవాడు. ఆరో రోజున అతని దీర్ఘచతురస్రం దగ్గర ఆవిడ చక్రం తిప్పింది. తిప్పి తిప్పి వేలు నొప్పెట్టింది గానీ మూల విడిపోలేదు.

"ఊఁ" అంది.

ఆవిడ దగ్గర అంతకు మించిన మెప్పు లేదు. మిగతా ఆరుగురూ అతని వంక కుళ్లుకుంటూ చూశారు.

బుధవారం ఆవిడ పన్ను పీకించుకుంది. తొమ్మిదేళ్లలో పెట్టిన మొదటి సెలవు అది. ఆ రోజు పాఠం మరిది చెప్పాడు. గురువారం బుగ్గ బూరెలా వాచిపోయి ఆవిడ వచ్చేసరికి క్లాసంతా పండగలా ఉంది. ఏడు తెరల మీదా ఏడు ప్లేట్లు. నాలుగు మూలలా నాలుగు కన్నాలు, పక్కన కొలతలు, అన్నీ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. వెల్డరు మొహం వెలిగిపోతోంది.

"ఇరవై నిమిషాల్లో అయిపోయింది మేడమ్. ఇక రేపు భయం లేదు."

అతని ప్లేటు పొడవు 240 మిల్లీమీటర్లు అని రాసి ఉంది. ఆవిడకు ఊఁ అనబుద్ధేసింది. అలవాటు కొద్దీ మౌస్ తీసుకుని, ఒక మూలా ఇంకో మూలా నొక్కి, మధ్య దూరం కొలిచింది. 237.4 అని వచ్చింది.

మళ్లీ కొలిచింది. 237.4. పక్క తెర దగ్గరికి వెళ్లింది. అక్కడ రాసినది 240, ఉన్నది 243. ఆ పక్కది 238.9.

"ఏంటిది?" ఆవిడ గొంతు వాపులోంచి ఉరిమినట్టు వచ్చింది. "రాసిందొకటి, ఉన్నదొకటి! ఎవరు చెప్పారిలా చేయమని?"

"సార్ చెప్పారు మేడమ్" అన్నాడు వెల్డరు బిత్తరపోతూ. "కొలత కలవకపోతే ఆ అంకె మీద రెండుసార్లు నొక్కి, కావాల్సింది టైపు చేస్తే చాలన్నారు. మళ్లీ గీయక్కర్లేదన్నారు."

ఆవిడ అగ్గి మీద గుగ్గిలమైంది. గీత తప్పుపోతే అది తప్పు, సరిదిద్దుకోవచ్చు. తప్పు గీత మీద ఒప్పు అంకె రాయడం అబద్ధం. చూసేవాళ్ల కళ్లలో దుమ్ము కొట్టడం. రేపు ఈ మనిషి అదే పని పరీక్షలో చేస్తాడు, మిషన్ 237.4 దగ్గరే కోస్తుంది, ఇతన్ని మెడపట్టి గెంటుతారు. ఆవిడ దడాలున మరిది కూర్చునే అద్దాల గదిలోకి వెళ్లింది. తలుపు వేయడం మరిచిపోయింది, లేదా కావాలనే వేయలేదు.

"నీకు బుద్ధుందా? నేను ఒక్కరోజు లేకపోతే ఇంత పనిచేస్తావా? పొట్టకూటికి నేర్చుకునే మనిషికి దొంగతనం నేర్పుతావా?"

"వదినా, మెల్లగా. అందరూ వింటున్నారు."

"విననీ! ఎక్కడ నేర్చుకున్నావీ పాడుపని?"

మరిది చెడ్డవాడు కాదు. గొడవంటే నీళ్లు నమిలే రకం. కానీ ఇంతమంది ముందు దొంగ అనిపించుకున్నాక అతనికీ రోషం వచ్చింది.

"మీ దగ్గరే" అన్నాడు. "మీ ఇంట్లో, ఆఫీసు పని తెచ్చుకుని కంప్యూటర్ పెట్టుకున్న భోజనాల బల్ల మీద. నేను డిగ్రీ తప్పి ఖాళీగా తిరుగుతుంటే పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పారు కదా, అప్పుడు. పంపు కింద వేసే ప్లేటు. బోల్టు కన్నాల మధ్య 176 అని గీసేశారు. కాదు, 180 అని ఫోనొచ్చింది. డ్రాయింగ్ పట్టుకెళ్లే మనిషి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మీరు అంకె మీద రెండుసార్లు నొక్కి 180 అని కొట్టారు. అంతేనా వదినా అని నేనడిగితే, అంతే, ఎవరు చూస్తారు అన్నారు. గుర్తులేదా?"

గుర్తుంది. పదిహేడేళ్లు గడిచినా గుర్తుంది. గుమ్మంలో ఆ మనిషి విసుగ్గా చెప్పులు రుద్దిన చప్పుడుతో సహా గుర్తుంది. కాదని దబాయించవచ్చు, మరిది కాసేపు వాదించి ఊరుకుంటాడు. ఆవిడ దబాయించలేదు. పన్ను పీకిన చోట నెత్తురు రుచి తగిలింది. ఇన్నేళ్లూ ఊరందరి మీదా విసిరిన కోపమంతా వెనక్కి తిరిగొచ్చి ఆవిడ మొహానే తగిలింది.

"నేర్పింది నేనే" అంది చివరికి. "మాన్పించేదీ నేనే. ఆకారాలకు పది రోజులు. ఒక్కరోజు తగ్గినా నేను రాను. ఆ బోర్డు నువ్వే చూసుకో."

తిరిగి క్లాసులోకి వచ్చింది. ఏడుగురూ తెరల్లోకి తలలు దూర్చి ఏమీ విననట్టు నటిస్తున్నారు.

"విన్నారుగా" అంది. "ఆ అబద్ధం నేనూ రాశాను. ఆ రోజుల్లో మనిషి కాగితం మీద అంకె చదివి ఇనుము మీద గుర్తులు పెట్టేవాడు, చెల్లిపోయేది. తర్వాత ఆ ఫైళ్లనే మిషన్లకు ఇచ్చారు. మిషన్ అంకె చదవదు. గీత ఎక్కడుంటే అక్కడ కోస్తుంది. నా ప్లేటు ఏమైందో నేనెప్పుడూ కనుక్కోలేదు. కనుక్కోవాలంటే భయమేసింది."

వెల్డరు కుర్చీలోంచి లేచాడు.

"అప్పట్లో మీ ఆఫీసెక్కడ మేడమ్?"

"స్టేషన్ వెనక. కింద ఇంకు దుకాణం ఉండేది."

"మా ఫ్యాక్టరీకి డ్రాయింగులు అక్కణ్నుంచే వచ్చేవి." ఆరు రోజులుగా తలొంచుకు తిట్లు తిన్న మనిషి అప్పుడు తలెత్తాడు. "పంపు ప్లేటు. నాలుగు కన్నాలు, ఒక్కోటి రెండు మిల్లీమీటర్లు లోపలికి. కాగితం మీద 180 అనే ఉంటుంది, ఇనుము మీద 176. ఎందుకలా వస్తోందో ఎవడికీ తెలియదు, ఎవడికీ పట్టదు. వెల్డరు పూడుస్తాడుగా! కన్నం పూడ్చాలి, గ్రైండింగ్ చేయాలి, మళ్లీ కన్నం వేయాలి. ప్లేటుకి నాలుగు. మిషన్ నడిపేవాడి తప్పనుకుని పదేళ్లు వాణ్ని నోటికొచ్చినట్టు తిట్టాను మేడమ్. వాడు ఏడ్చాడు కూడా ఒకసారి."

"అది నా ప్లేటేనని..." ఆవిడ ఆగిపోయింది.

"మీదో, మీలాంటి ఇంకొకరిదో. ఏదైతేనేం?" అతను తన ఎడమకన్ను వైపు వేలు చూపించాడు. "పూడ్చింది నేనే కదా."

క్షమించమనే మాట ఆ కన్ను ముందు మరీ చిన్నది, అందుకే ఆవిడ అనలేదు. అతని పక్కకు స్టూలు లాక్కుని కూర్చుంది.

"పరీక్ష అయ్యాక వచ్చి తిట్టండి, పడతాను. ఇప్పుడు ఇదంతా చెరపండి. మొదటి నుంచి గీయండి."

అతను తలుపు వైపు చూశాడు. వెళ్లిపోతాడేమో అనుకుంది. కూర్చున్నాడు, పళ్లు నూరుతూ కూర్చున్నాడు. తెరంతా చెరిపి, 240 అని ఒక్కో అంకే టైపు చేశాడు. ఆ సాయంత్రం దాకా ఇద్దరి మధ్యా అంకెలు తప్ప వేరే మాట లేదు.

పరీక్షలో ఏం జరిగిందో సోమవారం అతనే వచ్చి చెప్పాడు. పక్కన కూర్చున్న కుర్రాడు అరగంటలో ముగించి, కాలు మీద కాలేసుకున్నాడట. ఇతనికి గంట చాలలేదు. ఇంకో ఐదు నిమిషాలుందనగా రెండు కన్నాల మధ్య 220 రావాల్సింది 219.6 వచ్చింది. అంకె మీద రెండుసార్లు నొక్కితే పని అయిపోతుంది. నొక్కలేదు. స్నాప్ ఎక్కడ తప్పిందో వెతికి, కన్నం చెరిపి మళ్లీ గీశాడు. ఈలోగా గంట కొట్టారు. మధ్యలో వేయాల్సిన పొడుగు కన్నం వేయనేలేదు.

"సగమే గీశావేంటి అన్నాడు మేనేజరు. సగమే సార్, గీసినంత మేర కొలుచుకోండి అన్నాను."

"కొలిచాడా?"

"ఇద్దరివీ కొలిచాడు. వాడు గీసినదాంట్లో సగం అంకెలు అబద్ధం. నన్ను మూడు నెలలు చూస్తామన్నారు."

థాంక్స్ చెప్పలేదు. తిట్టనూ లేదు. చెప్పాల్సింది చెప్పి మెట్లు దిగిపోయాడు. ఆవిడకు తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

నెల తిరిగాక, అతనికి సెలవు రోజున, చంకలో చుట్టిన కాగితంతో మళ్లీ వచ్చాడు. బల్ల మీద పరిచి, చుట్టుకుపోకుండా ఒక చివర కీబోర్డు, ఇంకో చివర తన కళ్లజోడు పెట్టాడు. పంపు ప్లేటు. కన్నాల మధ్య 180. కుడివైపు కింది గడిలో, గీసినవారు అన్నచోట, ఆవిడ పొట్టి సంతకం.

"బీరువాలో దొరికింది. దీని ఫైలే ఇంకా మిషన్‌కి పోతోంది" అన్నాడు. "నా సీట్లో ఇప్పుడు ఇంకొకతను పూడుస్తున్నాడు. మేనేజర్ని అడిగి తెచ్చాను. నేనే గీయొచ్చు. కానీ గీయను. మీరు గీయండి."

ఆవిడ కూర్చుంది. అతను వెనక నిలబడ్డాడు. వెనక ఎవరైనా నిలబడితే చెయ్యి ఎంత తడబడుతుందో తొమ్మిదేళ్లలో మొదటిసారి తెలిసింది. ఒక్కో కొలతా టైపు చేసింది. నాలుగు గీతలు మూసింది. నాలుగు కన్నాలు వేసింది. చివరిది వేసి చెయ్యి తీయబోతుంటే, మచ్చల ముంజెయ్యి ఒకటి ఆవిడ భుజం మీదుగా వచ్చి మౌస్ అందుకుంది.

అతను చక్రం తిప్పాడు. మూల పెద్దదైంది. ఇంకా తిప్పాడు. అతను నాలుగు మూలలూ చూశాడు, తీరుబడిగా, ఉన్న ఒక్క మంచి కన్నూ తెరకు ఆనించినంత దగ్గరగా పెట్టి. తర్వాత ఒక కన్నం నడిమి నుంచి ఇంకో కన్నం నడిమికి కొలిచాడు. 180. మళ్లీ కొలిచాడు.

"ఊఁ" అన్నాడు.